అందించిన మాట

"తలుపు తియ్యకపోతే పోనీ చిట్టీ. లోపల ఉన్నానని ఒక్క మాటైనా అను," అన్నాడు అన్నయ్య, తలుపుకి చెవి ఆనించి.

లోపలి నుంచి జవాబు రాలేదు. మంచం మాత్రం కిర్రుమంది. అదే జవాబనుకుని ఆయన వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో ఆసుపత్రి నుంచి లేచి వచ్చేసింది చిట్టి. ఒక చెప్పు గుమ్మం బయట, ఒకటి లోపల వదిలేసి, మెడలో ఆసుపత్రి కార్డయినా తియ్యకుండా, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నలభై దాటిన మనిషిని ఇంకా చిట్టి అనే పిలిచే ఇల్లది. ఆ పేరుకి తగ్గట్టే ఏదో అలక అని మొదట అందరూ తేలిగ్గా తీసుకున్నారు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆ తేలిక పోయింది. సోమవారం వచ్చి జరిగినదానికి సంజాయిషీ చెప్పుకోవాలట. చెప్పుకోలేకపోతే ఇక రానక్కర్లేదట. ఏం జరిగిందండీ అని అడిగితే, "మీ చెల్లెల్నే అడగండి" అని పెట్టేశారు.

"నువ్వెళ్ళి అడగరాదూ?" అన్నాడాయన టీచరైన భార్యతో. "నీ శిష్యురాలేగా!"

టీచరు ఇస్త్రీ చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "మీ చెల్లెలేగా," అంది.

"చెల్లెలిగా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. నీ శిష్యురాలయ్యాకే ఈ తంటా అంతా."

"ఆ మాట ఉద్యోగం వచ్చిన రోజు అనలేదేం? ఆ రోజు మీ షాపులో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు."

ఆయన కళ్ళద్దాల షాపులో రోజంతా అద్దాలు సానపట్టే మనిషి. పనిలో చెయ్యి ఎంత నిదానమో, ఇంట్లో నోరు అంత తొందర. తొందరపడ్డాక సర్దుకోవడం మాత్రం ఆయనకి ఇన్నేళ్ళయినా చేతకాలేదు.

"అమ్మాయ్, దాన్నలా వదిలెయ్యండి," అంది అత్తగారు, బఠాణీలు ఒలుస్తూ. "ఆకలేస్తే అదే వస్తుంది. వాళ్ళ నాన్నా అంతే. అలిగితే రెండు పూటలు. మూడో పూటకి గిన్నెలు వెతుక్కునేవారు."

"అలక కాదమ్మా ఇది!"

"అదేదో నాకు తెలియదుగానీ, నా పళ్ళెం దగ్గర మాత్రం అరవకు. ఆ చెవి వినపడదుగానీ ఈ చెవి పనిచేస్తోంది."

మూల కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. చిట్టి కుట్టుషాపు మూసేశాక మిషను అక్కడికి చేరింది. కొలతలిచ్చి బట్టలు కుట్టించుకునే తీరిక జనానికి పోయింది. రేపటి నుంచి ఏం చేస్తానన్నయ్యా అని ఆవిడ ఏడుస్తుంటే, "మా ఇన్‌స్టిట్యూట్‌కి రా, ఆఫీసు భాష నేర్పిస్తా" అన్నది టీచరే. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో నడిచేది వేరే భాష. ఇంటి భాష ఒక్కటే వచ్చినవాళ్ళకి గేటు దగ్గర కాపలా తప్ప లోపల కుర్చీ దొరకదు. చిట్టి నేర్చుకుంది. నోటి పరీక్షలో అందరికంటే ముందు నిలిచింది. ఆసుపత్రి ఎంక్వైరీ కౌంటర్లో కుర్చీ దొరికింది. ఇన్‌స్టిట్యూట్ గేటు మీద ఇప్పుడు ఆవిడ ఫొటో ఉంది. కొత్తగా చేరేవాళ్ళు ఆ ఫొటో చూసే చేరుతున్నారు.

ఆ ఫొటో మనిషి ఇవాళ తలుపు తియ్యడం లేదు. ఇవాళే అవసరం పడింది.

ఫోన్ మోగింది. ఇన్‌స్టిట్యూట్ ప్రిన్సిపాల్. ఆయన గొంతు ఫోన్లో కూడా నవ్వుతూనే ఉంటుంది.

"మేడం, ఇవాళ అన్ని బ్రాంచీల టీచర్లూ వస్తున్నారు. మీ డెమో క్లాసు కాగానే అందరి ముందూ ప్రకటిస్తాను. రేపటి నుంచి టీచర్లకే టీచరు మీరు. మీకో గది, మీకో బల్ల. ఇక గొంతు చించుకునే పనుండదు."

"థాంక్సండీ," అంది టీచరు.

"మీ ఆడపడుచుగారు వస్తున్నారుగా? ఆవిడ నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, ఇక మన పద్ధతి గురించి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు."

టీచరు మూసిన తలుపు వంక చూసింది. "వస్తుందండీ," అంది.

ఫోన్ పెట్టాక భర్త ముఖం చూడలేదు. ఆయన మాత్రం చూస్తూనే ఉన్నాడు.

"వస్తుందా? ఎక్కడికి వస్తుంది? నీకు పిచ్చా?"

"ఏం చెప్పమంటారు మరి? మా ఇంటి మనిషే ఉద్యోగం పారేసి మంచమెక్కిందని చెప్పనా?"

"నీకు నీ గది, నీ బల్ల..."

"అవును. నా గది, నా బల్లే," అంది టీచరు, ఇస్త్రీపెట్టె దించి. "ఇన్నేళ్ళుగా వేన్నీళ్ళు పుక్కిలిస్తూ పాఠం చెప్పేది నేను. సాయంత్రానికి మీరు ఏదైనా అడిగితే తల ఊపడానికి తప్ప ఓపిక మిగలదు. అది అలక అనుకుంటారు మీరు. ఒక్కసారి కూర్చుని పనిచెయ్యాలని ఉంది నాకు. తప్పా?"

అత్తగారు బఠాణీల పళ్ళెం ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

*

"చిట్టీ, నేనే. ఏమీ అడగను. తలుపు తియ్యి."

గడియ తీసిన చప్పుడైంది. టీచరు లోపలికి వెళ్ళి తలుపు చేరవేసింది. చిట్టి మళ్ళీ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. మెడలో కార్డు అలాగే ఉంది. టీచరు మంచం చివర కూర్చుంది. ఏమీ అడగనని చెప్పింది కాబట్టి ఏమీ అడగలేదు. ఆవిడకి అది ఎంత కష్టమో ఆవిడ విద్యార్థుల్ని అడిగితే చెబుతారు.

"నిన్న ఒకాయన వచ్చాడు వదినా," అంది చిట్టి చివరికి. "పెద్దాయన. భార్యని మా ఆసుపత్రిలోనే చేర్చాడు. ఆయన కౌంటర్ దగ్గరికొచ్చి..."

ఆగింది.

"గొడవ చేశాడా?" అంది టీచరు.

"లేదు. కౌంటర్ పట్టుకుని..."

"తిట్టాడా?"

"లేదు వదినా."

"చెయ్యి చేసుకున్నాడా?"

"నన్ను చెప్పనీ వదినా!"

చిట్టి అరిచింది. వదిన మీద ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచలేదు. పెంచాక ఆవిడే ఎక్కువ బెదిరింది. టీచరు నోరు మూసుకుంది.

"ఆయన పైకెళ్ళి చూస్తే మంచం ఖాళీగా ఉందట. నా భార్య ఏదమ్మా అని అడిగాడు. కంప్యూటర్‌లో చూశాను. జ్వరం తగ్గిందని వేరే వార్డుకి మార్చారు. అంతే. చిన్న మాట. 'మీ భార్యని' అని మొదలుపెట్టాను. తర్వాతి మాట రాలేదు. నాకు తెలిసిన మాటే వదినా! నువ్వు ఎన్నిసార్లు చెప్పించావో! నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు. ఇంటి భాషలో చెప్దామంటే ఆయనకి అది రాదు. అలా నిలబడిపోయాను. ముఖం అటు తిప్పేసుకుని."

"ఎటు?"

"అటు." చిట్టి చెయ్యి ఎడమవైపు చూపించింది. "మీ భార్యని అని ఆపేసి, ఆయన ముఖం చూడకుండా అటు తిరిగితే ఆయనకి ఏమనిపిస్తుంది చెప్పు? పోయిందనుకున్నాడు. కౌంటర్ పట్టుకుని అలాగే కిందకి జారిపోయాడు. పెద్దగా ఏడవలేదు. చిన్నపిల్లాడిలా మూలిగాడు. జనం మూగారు. నర్సు పరుగెత్తుకొచ్చి, ఆవిడ పైన టీ తాగుతోందండీ అని చెప్పేదాకా ఆయన భార్య చచ్చిపోయింది వదినా. నేనే చంపాను."

టీచరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"తిట్టినా బాగుండేది. లేచి కళ్ళు తుడుచుకుని ఒకటే అడిగాడు. 'చెప్పడానికి ఏమొచ్చిందమ్మా నీకు?' అని. దానికీ జవాబు రాలేదు. లేచి వచ్చేశాను."

బయట అత్తగారు ఎవరినో మంచినీళ్ళు అడుగుతోంది. టీచరుకి వినిపిస్తోంది గానీ లేవబుద్ధి కాలేదు.

"అటెందుకు తిరిగావు?" అంది, జవాబు తెలిసీ తెలియనట్టు.

చిట్టి ఆశ్చర్యంగా చూసింది. "క్లాసులో నువ్వు అక్కడే కదా నిలబడతావు. కిటికీ దగ్గర. మాట ఆగితే నీ వంక చూస్తే అందించేదానివి కదా!"

*

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. రానక్కర్లేదని టీచరు అంది. రెండోసారి అనలేదు. "మాట ఇచ్చావుగా వదినా, నా వల్ల నీ గది పోవద్దు," అని చిట్టి ముఖం కడుక్కుని బయల్దేరింది. ఈ ఇంట్లో ఒకరి త్యాగాలు ఇంకొకరి మెడకి చుట్టుకోవడం కొత్తేమీ కాదు.

టీచరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అలిసిపోయింది. నిద్రతో తీరే అలసట కాదది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తోటమాలి ఉండేవాడు ఆవిడ క్లాసులో. పెద్ద మీసాలు. మనవలున్నవాడు. అతన్ని లేపి అడిగితే నోరు తెరిచి, మాట రాక, అలాగే నిలబడేవాడు. మెడ మీద చెమటలు. పిల్లలైతే నవ్వేసి కూర్చుంటారు. పెద్దవాళ్ళు నిలబడి చచ్చిపోతారు. అది చూడలేక ఆవిడ మాట అందించింది. అతని ముఖంలో ఎంత హాయి! అలా మొదలైంది. తర్వాత మాటంతా అక్కర్లేకపోయింది. మొదటి అక్షరం చాలు. ఇంకొన్నాళ్ళకి గొంతు కూడా అక్కర్లేదు, పెదవులు కదిపితే చాలు. క్లాసులో ఎవరూ నీళ్ళు నమలని ఒకే ఒక్క గది ఆవిడది. అందింపు మేడం అని పేరొచ్చింది. ప్రిన్సిపాల్ దానికి అందింపు పద్ధతి అని పాఠాల పుస్తకం అట్టమీద అచ్చువేయించాడు. చివరి గది నుంచి మధ్య గదికి, మధ్య గది నుంచి ముందు గదికి వచ్చింది ఆవిడ. ఎదుగుదల అంటే అదేనని ఆవిడా అనుకుంది.

నోటి పరీక్షకి క్లాసు టీచరు కూడా గదిలో ఉండటం ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి నుంచీ ఉన్న మర్యాద. తెలిసిన ముఖం కనిపిస్తే వాళ్ళు బెదరరని. బయటి నుంచి వచ్చిన అధికారి అడుగుతాడు, వాళ్ళు చెబుతారు, ఈవిడ పక్కన కూర్చుంటుంది. అంతే. ఆవిడ క్లాసులో ఎవరూ ఎప్పుడూ తప్పలేదు.

పక్కన కూర్చుని ఏం చేసేది తను? గుర్తు తెచ్చుకోబోయింది. అందరి ముఖాలూ గుర్తొచ్చాయి. అందరూ తన వంకే చూస్తున్నారు.

"వదినా, ఏం మాట్లాడమంటావ్?" అంది చిట్టి.

"ఏముంది? నమస్కారం. నేను ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. రోజూ ఎంతోమంది..." టీచరు ఆఫీసు భాషలో మొదలుపెట్టేసింది. పక్కన చిట్టి పెదవులు ఆవిడ వెంటే కదులుతున్నాయి. టీచరు ఠక్కున ఆపింది. చిట్టి పెదవులూ ఆగిపోయాయి.

"ఆపావేం?" అంది చిట్టి.

"నీకు తోచింది మాట్లాడు."

"నాకేం తోచదు వదినా. అందుకే అడుగుతున్నా."

దిగాల్సిన చోటు వచ్చింది. గేటు మీద ఫొటోలో చిట్టి నవ్వుతోంది. కింద నిలబడ్డ చిట్టి తల వంచుకుని లోపలికి నడిచింది.

*

హాలు నిండిపోయింది. ఇతర బ్రాంచీల టీచర్లు వరసలుగా కూర్చున్నారు. వెనక పాత విద్యార్థులు. గెలిచినవాళ్ళని కూడా చూపించాలని ప్రిన్సిపాలే పిలిపించాడు. బ్యాంకు గేటు దగ్గర నుంచి బ్యాంకు లోపలికి మారిన గార్డు, స్కూల్లో ఆయా పనినుంచి ఆఫీసు పనికి మారిన ఆవిడ, ఇంకా నలుగురైదుగురు. టీచరుని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. గార్డు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

డెమో క్లాసు మొదలైంది. ముందు ఇప్పటి విద్యార్థుల్లోంచి బేకరీ మాస్టారు లేచాడు. రొట్టె ఎలా చేస్తారో ఆఫీసు భాషలో చెప్పాలి. పిండి కలిపేదాకా బాగానే వచ్చాడు. పిండి పొంగడం దగ్గర ఆగాడు.

ముఖం కిటికీవైపు తిప్పాడు.

టీచరు అక్కడే ఉంది. నోరు మూసుకోవాలనుకుంది. నిజంగానే అనుకుంది. పెదవులు వాటంతటవే కదిలాయి. బేకరీ మాస్టారు మాట అందుకుని, రొట్టె పొయ్యిలో పెట్టి, కాల్చి, బయటికి తీసి, చప్పట్ల మధ్య కూర్చున్నాడు.

తర్వాత లిఫ్ట్ నడిపే అతను. తర్వాత టికెట్లు అమ్మే అమ్మాయి. అందరూ అంతే. ఆగడం, కిటికీ వంక తిరగడం, అందుకోవడం. ఇన్నేళ్ళూ ఆవిడ కళ్ళ ముందు జరిగిందే. ఇవాళే కనపడింది. ముందు వరసలో ఒక కుర్ర టీచరు పక్కావిడతో గుసగుసగా అంటోంది: "చూశారా, ఎంత నాజూగ్గా అందిస్తున్నారో! వాళ్ళు తడబడినట్టే లేదు. మన దగ్గర కూడా ఇలాగే చెయ్యాలి."

టీచరు ఆ మాట విన్నది. ఒక్క గదిలో చేసింది చాలదన్నట్టు, రేపటి నుంచి అన్ని బ్రాంచీల్లో అన్ని గదులకీ నేర్పాలి తను.

ప్రిన్సిపాల్ వేదిక ఎక్కాడు. "ఇప్పుడు మన గేటు మీద మీరందరూ చూసిన ముఖం!" అన్నాడు, నవ్వుతూ.

చిట్టి వచ్చి నిలబడింది. మైకు ఎత్తు సరిచేయడానికే కాస్త తిప్పలు పడింది. బస్సులో విన్న మొదటి వాక్యాలు తడుముకోకుండా చెప్పింది. నమస్కారం. నేను ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. రోజూ ఎంతోమంది...

ఆగింది. ఎడమవైపు తిరిగింది.

టీచరుకి ఆ వాక్యం తెలుసు. తను రాసి ఇచ్చిందే. ఒక్క అక్షరం అందిస్తే చిట్టి గట్టెక్కుతుంది. సోమవారం సంగతి సోమవారం చూసుకోవచ్చు. హాలంతా కిటికీవైపు చూసింది. టీచరు రెండు చేతులూ ఎత్తి నోరు మూసుకుంది. పంటినొప్పి వచ్చినదానిలా కనపడి ఉంటుంది. అంతకన్నా మార్గం తోచలేదు.

చిట్టి చూసింది. ఎదురుచూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రిన్సిపాల్ దగ్గాడు. కుర్చీలు కదిలాయి. టీచరు చేతులు తియ్యలేదు. ఇంకాసేపు ఇలాగే ఉంటే తనే ఏడ్చేస్తుందని తెలుసు ఆవిడకి. తోటమాలి నాటి నుంచీ ఆవిడ తప్పించుకు తిరిగిన నిశ్శబ్దం ఇదే. ఇంటి మనిషి ముఖంలో చూడాల్సి వచ్చింది.

"నిన్న," అంది చిట్టి.

ఆ మాట టీచరు రాసిచ్చిన దాంట్లో లేదు.

"నిన్న ఒక పెద్దాయన వచ్చాడు. భార్య ఎక్కడ, అడిగాడు. భార్య బాగుంది. వేరే వార్డు. నేను చెప్పలేదు." ఆఫీసు భాషలోనే మాట్లాడుతోంది. మాటలు అటూ ఇటూ పడుతున్నాయి. ఒక్కో మాట తనే వెతుక్కుని, దొరికాక తనే ఆశ్చర్యపోయి, దాని పక్కన ఇంకోటి పెడుతోంది. "ఆయన అనుకున్నాడు, చనిపోయింది. కింద పడ్డాడు. నేను చూశాను, అటు. ఎప్పుడూ అటు చూస్తాను. అక్కడ మా వదిన ఉంటుంది. మా వదిన మాట ఇస్తుంది. నిన్న అక్కడ గోడ ఉంది."

చిట్టి ముఖం హాలువైపు తిప్పింది.

"నేను తెలివితక్కువదాన్ని కాదు," అంది చిట్టి. "కొలత లేకుండా చూసి బట్ట కోస్తాను. నాకు మాట వస్తుంది. ఆలస్యంగా వస్తుంది. ఎవరూ ఆగలేదు, నేనూ ఆగలేదు."

దిగి వచ్చేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

టీచరు చేతులు దించింది. ఇన్నేళ్ళలో తన విద్యార్థి నోట తను రాయని మాట వినడం ఇదే మొదటిసారి. తప్పుల తడకగా ఉంది. ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. వెంటనే ఇన్నేళ్ళ మిగతావాళ్ళందరూ గుర్తొచ్చి ఆ సంతోషం సగంలో ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ మైకు అందుకున్నాడు. "ఎంత ధైర్యంగా మాట్లాడారో చూడండి! ఇదే మన పద్ధతి గొప్పతనం..."

"ఒక్క సందేహం," అంటూ రెండో వరసలో జుట్టు నెరిసిన టీచరు ఒకాయన లేచాడు. గొంతులో కోపం లేదు. "మేడం, క్లాసులో కిటికీ దగ్గర నిలబడతారు, సరే. నోటి పరీక్ష జరిగేటప్పుడు కూడా మీరు గదిలోనే ఉంటారట కదా. అప్పుడు కూడా అందిస్తారా?"

"అబ్బే, లేదు లేదు," అన్నాడు ప్రిన్సిపాల్. "పరీక్షలో మేడం ఊరికే కూర్చుంటారంతే."

"మేడంని అడిగానండి."

హాలంతా మళ్ళీ కిటికీవైపు తిరిగింది. టీచరు నోరు తెరిచింది. మాట రాలేదు. ఏం చెయ్యాలో తోచక ఆవిడా ముఖం పక్కకి తిప్పింది. అక్కడ ప్రిన్సిపాల్ ఉన్నాడు. మైకు కిందకి దించి, కళ్ళు పెద్దవి చేసి, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతున్నాడు. లేదు. లేదు అనండి.

ఎంత సులువు! అందుకుని చెప్పేస్తే అయిపోతుంది. గది, బల్ల, కుర్చీ. గొంతుకి విశ్రాంతి. ఇలా అందితే ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో ఆవిడకి మొదటిసారి తెలిసింది. తోటమాలి ముఖం అందుకే అలా వెలిగింది కాబోలు.

ఆలస్యమైంది. చాలా ఆలస్యమైంది. చిట్టి ఒక్కతే ఏ తొందరా లేకుండా ఆవిడ వంక చూస్తూ నిలబడింది.

"నేను ఊరికే కూర్చోను," అంది టీచరు. "వాళ్ళకి నా నోరు కనపడేచోట కూర్చుంటాను. పెదవులు కదుపుతాను. కావాలని కాదు. అలవాటైపోయింది. ప్రతి పరీక్షలోనూ కదిపే ఉంటాను."

ప్రిన్సిపాల్ ముఖంలో నవ్వు ఎక్కడ వదిలెయ్యాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. నెరిసిన జుట్టాయన కూర్చోలేదు, ఇంకేమీ అడగలేదు. కుర్ర టీచరు కలం మూసింది. టీచరు కిటికీ చువ్వ పట్టుకుంది. మనసు తేలికవుతుందేమో అనుకుంది గానీ అలాంటిదేమీ కాలేదు.

హాలు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. బ్యాంకు గార్డు లేచి నిలబడ్డాడు. అతని వెనకే స్కూల్ ఆఫీసులో పనిచేసే ఆవిడ, ఆవిడ పక్కన ఇంకొకరు. గార్డు టోపీ రెండు చేతులతో నలుపుతున్నాడు. ఇన్నాళ్ళూ టీచరుతో ఆఫీసు భాషలోనే మాట్లాడతానని పంతం పట్టినవాడు ఇంటి భాషలో అడిగాడు.

"మేడం, అయితే మేం పాసయినట్టా, కానట్టా?"